చిరునామా లేని మాట

ఇంగ్లిషులో ‘కోట్’ అంటే ఒకరు అన్న మాటనో, రాసిన వాక్యాన్నో మరొకరు ఉన్నది ఉన్నట్టు తిరిగి చెప్పడం. పరభాషా పదమన్న స్పృహే కలగనంతగా ఇది తెలుగులో కలిసిపోయింది. సభలో వక్త శ్రీశ్రీని కోట్ చేస్తాడు. కాంట్రాక్టరు స్లాబుకు చదరపు అడుగు లెక్కన రేటు కోట్ చేస్తాడు. డీటీపీ చేసే కుర్రాడు సింగిల్ కోట్స్ పెట్టాలా, డబుల్ కోట్స్ పెట్టాలా అని అడుగుతాడు. తెల్లారేసరికి ఫోన్లో ఎవరో ఒక ‘మంచి కోట్’ పంపుతారు. ఒకే మాట నాలుగు చోట్ల నాలుగు పనులు చేస్తోంది. వీటిలో చివరిది, అంటే మహనీయుల పేరుతో మాటలు పంచే పని, పూర్తిగా గాడి తప్పింది. ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం వచ్చే వారంలో ఆ సంగతి మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

మాట పుట్టుక తెలిస్తే దాని ధర్మం తెలుస్తుంది. లాటిన్‌లో ‘క్వోత్’ అంటే ‘ఎన్ని’. దాని నుంచి మధ్యయుగాల లాటిన్‌లో ‘క్వోటారే’ అనే క్రియ పుట్టింది. గ్రంథాన్ని అధ్యాయాలుగా విడగొట్టి వాటికి అంకెలు వేయడం ఆ క్రియకు అర్థం. 14వ శతాబ్ది చివర ఇంగ్లిషులో అడుగుపెట్టినప్పుడు కూడా ఈ మాటకు పుస్తకం అంచున అధ్యాయం సంఖ్యనో, మూలాన్నో గుర్తు రాసుకోవడమనే అర్థమే ఉండేది. ఇతరుల వాక్యాన్ని యథాతథంగా చెప్పడమన్న అర్థం ఆ తర్వాత స్థిరపడింది. సరుకు ధర చెప్పడమన్న అర్థాన్ని 19వ శతాబ్దిలో వ్యాపారులు చేర్చారు. రేషన్ కోటా, రిజర్వేషన్ కోటా అనేటప్పటి ‘కోటా’ కూడా ఆ ‘ఎన్ని’ నుంచి వచ్చిందే. భాగహారంలో భాగఫలాన్ని ఇంగ్లిషులో ‘కోషెంట్’ అంటారు, అదీ ఆ కుదురుదే. ఈ కుటుంబమంతటికీ మూలం లెక్క. ఏ పుస్తకం, ఎన్నో అధ్యాయం అని చెప్పగలగడమే కోట్ చేయడం. మాటకంటే ముందు మాట చిరునామా పుట్టిందన్నమాట.

ఈ ధర్మాన్ని నేటికీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నవాళ్లు వ్యాపారులు. ఒక బడికి 20 సీలింగ్ ఫ్యాన్లు కావాలనుకుందాం. ప్రధానోపాధ్యాయుడు మూడు దుకాణాల నుంచి కొటేషన్లు తెప్పిస్తారు. ఒక్కో కొటేషన్ దుకాణం లెటర్‌హెడ్ మీద వస్తుంది. పైన జీఎస్టీ నంబరు, కుడివైపు తేదీ, కింద సరుకు వివరం: 1200 మిల్లీమీటర్ల ఫ్యాను, ఒక్కోదాని ధర, పన్ను ఎంత, రవాణా ఎవరిది. ఈ ధర ఇన్ని రోజుల వరకే చెల్లుతుందని ఒక వాక్యం. చివర సంతకం, దాని మీద సగం పడేలా రబ్బరు స్టాంపు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ కాగితం ఫైల్లోకి ఎక్కదు, ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. రేపు దుకాణదారు మాట మారిస్తే చూపించడానికి ఆ కాగితమే ఆధారం.

అదే బడి గోడ మీద గాంధీ బొమ్మ కింద ఒక వాక్యం ఉంటుంది. లోకంలో ఏ మార్పు రావాలని కోరుకుంటావో ముందు నువ్వే ఆ మార్పువి కావాలన్నది దాని సారం. ఆ వాక్యం గాంధీ ఎక్కడ అన్నారో, ఎప్పుడు రాశారో గోడ మీద ఉండదు. ఉండే వీలూ లేదు. గాంధీ సంపూర్ణ రచనలు ఇంగ్లిషులో 100 సంపుటాలు. సరిగ్గా ఆ మాటలతో ఆ వాక్యం వాటిలో కనబడదు. 1913లో ‘ఇండియన్ ఒపీనియన్’లో మనిషి తన స్వభావాన్ని మార్చుకుంటే అతని పట్ల లోకం తీరూ మారుతుందని ఆయన వివరంగా రాశారు. ఆ వివరణ పోయింది, బొమ్మ కింద పట్టేంత నినాదం మిగిలింది. ఫ్యాను ధరకు తేదీ, సంతకం, స్టాంపు అడిగే సమాజం జాతిపిత మాటకు ఏ ఆధారమూ అడగడం లేదు. ఇది చిన్న విషయం కాదు. ధర తప్పయితే బడికి కొన్ని వందలు నష్టం. మాట తప్పయితే ఆ గోడ ముందు ప్రార్థనకు నిలబడే ప్రతి పిల్లవాడూ అబద్ధపు సాక్ష్యాన్ని చదువుతూ పెరుగుతాడు.

ఇంగ్లిషులో ‘కోట్’కు దగ్గరి చుట్టం ‘సైట్’. రెండూ ఒకటి కాదు. కోట్ చేస్తే మాటల్ని మాటలుగా దించాలి. సైట్ చేయడానికి మూలాన్ని పేర్కొంటే చాలు. లాటిన్‌లో దీని మూలానికి పిలిపించడం అని అర్థం. కోర్టు సాక్షిని పిలిపించినట్టు రచయిత తన వాదానికి సాక్షిగా మరో గ్రంథాన్ని పిలుస్తాడు. తెలుగులోనూ ఈ తేడా చూపే మాటలున్నాయి. ‘ప్రస్తావించడం’ అంటే పేరెత్తడం. ‘ఉదాహరించడం’ అంటే చెప్పే విషయానికి దృష్టాంతం ఇవ్వడం. ‘ఉద్ధరణ’ అంటే మూలంలోంచి పైకెత్తి తీసిన భాగం. బడి వ్యాకరణాల్లో ఇన్వర్టెడ్ కామాలను ఉద్ధరణ చిహ్నాలు అన్నది అందుకే. ‘ఉటంకించడం’ వీటన్నిటికంటే బరువైన మాట. సంస్కృతంలో ‘టంకం’ అంటే ఉలి, ముద్ర వేసిన నాణెం కూడా. నాణేలు కొట్టే చోటు టంకశాల అయింది ఆ అర్థంతోనే. ఉటంకించినది ఉలితో చెక్కినట్టు, నాణెం మీద కొట్టినట్టు ఉండాలి, గీత కూడా చెదరకూడదు. ఇంత పట్టింపు ఉన్న మాటను చేతిలో ఉంచుకుని నోటికొచ్చిన వాక్యానికల్లా ‘ఫలానావారు ఉటంకించినట్టు’ అని రాయడం భాషకు చేసే అన్యాయం. ఆ ప్రయోగంలో అర్థమూ తారుమారు. ఉటంకించేది చెప్పినవారు కాదు, ఆ మాటను ఎత్తి చూపేవారు.

ఉద్ధరణ చిహ్నాలు తెలుగుకు అచ్చుతో పాటు వచ్చాయి. తాళపత్రాల్లో పదానికీ పదానికీ మధ్య ఖాళీ కూడా ఉండదు, ఇక కోట్స్ ఎక్కడివి? అయినా మహాభారతంలో ధర్మరాజు మాట ఎక్కడ ముగిసిందో, భీముడి మాట ఎక్కడ మొదలైందో ఏ పాఠకుడూ పొరబడలేదు. కారణం ‘అని’. ‘అను’ అనే క్రియ నుంచి వచ్చిన ఈ రెండక్షరాలు మాట చివర నిలబడి, ఇంతవరకూ ఇంకొకరి గొంతు అని చెబుతాయి. తమిళంలో ‘ఎన్ఱు’, కన్నడంలో ‘ఎందు’ ఇదే పని చేస్తాయి. సంస్కృతంలో ‘ఇతి’ చేసేదీ ఇదే. సంస్కృతం ‘ఇతి’ని ఇలా వాడటం వెనుక ద్రావిడ భాషల ప్రభావం ఉందని డచ్ పండితుడు కైపర్ 1967లో వాదించాడు. ఆ వాదం మీద చర్చ ఉన్నా, ఒక సంగతి మాత్రం తెలుగు మాట్లాడే ఎవరైనా చెప్పగలరు. ‘అని’ లేకుండా తెలుగువాడికి పూట గడవదు.

‘అని’ మాటల్నే కాదు, శబ్దాల్నీ కోట్ చేస్తుంది. బిందె ధన్‌మని పడింది, గాజులు గలగలమన్నాయి, పాలు పొయ్యి మీద చుయ్యిమన్నాయి. ప్రతి వస్తువుకూ ఒక మాట ఉన్నట్టు, ఆ మాటను విన్నది విన్నట్టు అప్పజెబుతున్నట్టు ఉంటుంది. ఆలోచనను సైతం తెలుగు ఇలాగే చూస్తుంది. తనతో తాను అనడమే ‘అనుకోవడం’. కారణాన్నీ ఇదే మోస్తుంది. వాన వస్తుందని గొడుగు తీసుకెళ్లింది అన్న వాక్యంలో ‘వాన వస్తుంది’ అనేది ఆమె మనసులోని మాట. చెప్పేవాడు దాన్ని అలాగే ఎత్తి గొడుగుకు కారణంగా పెట్టాడు.

ఇంగ్లిషు వ్యాకరణం నేర్చుకునే పిల్లలను హడలెత్తించే డైరెక్ట్ స్పీచ్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ గొడవ తెలుగులో దాదాపు లేదు. ‘ఆమె రేపు వస్తానంది’ అన్నప్పుడు వచ్చేది ఆమె, క్రియ మాత్రం ‘వస్తాను’. ఆమె నోట వచ్చిన క్రియ ఆమె నోటి రూపంలోనే మిగిలింది. ఇంగ్లిషులో మరొకరు చెప్పేసరికి సర్వనామమూ మారాలి, కాలమూ మారాలి. తెలుగు మాత్రం అన్నవాళ్ల గొంతును మార్చకుండా అప్పగిస్తుంది. ఎవరు ఎవరన్న సందేహం వస్తే ‘తాను’ అనే సర్వనామం తీరుస్తుంది. ‘తాను వస్తానన్నాడు’ అంటే అన్నవాడే వస్తాడు, రెండో అర్థానికి తావు లేదు.

అన్నిటికంటే విలువైనది ‘అట’. ‘ఆమె వచ్చింది’ అంటే చెప్పేవాడు చూశాడు, పూచీ అతనిది. ‘ఆమె వచ్చిందట’ అంటే విన్నాడు, పూచీ అతనిది కాదు. ఇప్పుడు ‘వస్తానందట’ అనే ఒక్క పదాన్ని విడదీసి చూడాలి. ‘వస్తాను’ ఆమె మాట. ‘అంది’ ఆ మాట విన్నవారి సాక్ష్యం. ‘అట’ ఆ సాక్ష్యాన్ని చెవిన వేసుకుని ఇప్పుడు చెబుతున్నవారి జాగ్రత్త. ఒక్క పదంలో ముగ్గురు మనుషులు, ముగ్గురి బాధ్యతలూ వేర్వేరుగా ఉన్నాయి. న్యాయశాస్త్రం ఇదే గీతను చట్టంగా గీసింది. 1872 నాటి సాక్ష్య చట్టంలో 60వ సెక్షన్ ప్రకారం మౌఖిక సాక్ష్యం ప్రత్యక్షంగా ఉండాలి. చూసిన సంగతి చూసినవాడే, విన్న సంగతి విన్నవాడే చెప్పాలి. 2024 జులై 1న ఆ చట్టం స్థానంలోకి భారతీయ సాక్ష్య అధినియం వచ్చినా సూత్రం మారలేదు. చట్టం చెప్పిన ఈ తేడాను తెలుగు ఏనాడో క్రియ చివర అతికించి పెట్టుకుంది. అవ్వ చెప్పే కథ ‘అనగనగా ఒక రాజు ఉన్నాడట’ అని మొదలవుతుంది. ఆ రాజును అవ్వ చూడలేదు, చూశానని చెప్పదు. కథలో కూడా అంత నిజాయితీ పాటించిన భాష ఇది.

అలాంటి భాష మాట్లాడేవారి మధ్య తప్పుడు కోట్‌లు ఇంత సులువుగా తిరుగుతున్నాయంటే బాధ కలుగుతుంది. భాషా దినోత్సవం వారంలో ప్రతి సభా వేదిక మీదా, ప్రతి ఫ్లెక్సీ మీదా దేశభాషలన్నిటిలోకీ తెలుగే మేలైనదన్న ప్రశంస శ్రీకృష్ణదేవరాయల బొమ్మ పక్కన కనిపిస్తుంది. రాయలు ‘ఆముక్తమాల్యద’ రాసిన మాట నిజం, ఆ ప్రశంస అందులో ఉన్న మాటా నిజం. కానీ అక్కడ ఆ మాట అన్నది రాయలు కాదు. కళింగ దండయాత్ర సందర్భంలో రాయలు కృష్ణా తీరంలోని శ్రీకాకుళంలో ఆగినప్పుడు ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి, తెలుగులోనే కావ్యం ఎందుకు రాయాలో చెబుతూ అన్న మాట అది. పైగా ఆ ప్రశంస రాయల కంటే ముందే వినుకొండ వల్లభరాయుడి పేరున్న ‘క్రీడాభిరామం’లో ఉంది. అంటే ఆ వాక్యం వెనుక ఒక పాత కావ్యం ఉంది, ఒక దేవుడి కల ఉంది, ఆ తర్వాతే రాజు ఉన్నాడు. ఫ్లెక్సీ మీద వీటిలో రాజు ఒక్కడే మిగిలాడు. వల్లభరాయుడి పేరు భాషా దినోత్సవం రోజున కూడా వినబడదు. తప్పుడు కోట్ చేసే అసలు హాని ఇదే. పెద్ద పేరుకు లేనిది చేరుస్తుంది, చిన్న పేరుకు ఉన్నది దోచేస్తుంది.

వేమన సంగతీ ఇలాంటిదే, అయితే అక్కడ దోవ తిరగబడింది. పద్యం చివర తన పేరును మకుటంగా నిలపడం వేమన పద్ధతి. మకుటం ఒక రకంగా సంతకం, ఇది ఎవరి మాటో పద్యమే చెబుతుంది. అదే సంతకం తర్వాతివారికి సులువైన సాధనమైంది. నీతి చెప్పాలనుకున్న ప్రతివారూ ఆ మకుటం తగిలిస్తే పద్యం వేమనదైపోయేది. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చు వేసినప్పుడు అవి 693. 1839 కూర్పులో 1,164. తర్వాతి సంకలనాల్లో అవి వేలకు పెరిగాయి. బ్రౌన్ రాతప్రతులు సేకరించి, పాఠాలు పోల్చి చూసిన మనిషి. ఇప్పుడు వేమన పేరుతో ఫోన్లో వచ్చే పద్యానికి రాతప్రతీ లేదు, పోల్చేవారూ లేరు.

వివేకానందుడి పేరుతో ప్రతి కాలేజీ గోడ మీదా ఉండే పిలుపు, లేచి మేలుకొమ్మనేది, కఠోపనిషత్తులోది. నచికేతుడికి యముడు చేసే బోధలో వస్తుంది. వివేకానందుడు దాన్ని ఉపనిషత్తు నుంచే తీసుకున్నాడు. ఆయన కోట్ చేసిన మాటను ఆయన మాటగా కోట్ చేయడం ఆయనకు గౌరవం కాదు.

ఉద్ధరణ చిహ్నం ఎంత పని చేయగలదో చూపే ఉదంతం ఒకటి ఐరోపాలో ఉంది. నీ అభిప్రాయంతో ఏకీభవించకపోయినా అది చెప్పే నీ హక్కు కోసం ప్రాణమిస్తానన్న అర్థం వచ్చే వాక్యాన్ని వోల్టేర్ పేరుతో లోకమంతా చెప్పుకుంటుంది. వోల్టేర్ 1778లో చనిపోయాడు. ఆ వాక్యం 1906లో పుట్టింది. ఎవెలిన్ బియాట్రిస్ హాల్ అనే ఇంగ్లండు రచయిత్రి ఎస్.జి. టాలెంటైర్ అనే కలం పేరుతో ‘ద ఫ్రెండ్స్ ఆఫ్ వోల్టేర్’ అనే పుస్తకం రాసింది. ఫ్రెంచి తత్వవేత్త హెల్వేషియస్ పుస్తకాన్ని తగలబెట్టినప్పుడు వోల్టేర్ వైఖరి ఎలా ఉందో తన మాటల్లో చెబుతూ, ఆ వాక్యాన్ని ‘నేను’ అనే రూపంలో రాసి చుట్టూ ఇన్వర్టెడ్ కామాలు పెట్టింది. చదివినవారు వోల్టేర్ మాటే అనుకున్నారు. అది తన వాక్యమని, ఆ కామాలు పెట్టకుండా ఉండాల్సిందని ఆమె తర్వాతి కాలంలో స్వయంగా చెప్పింది. అయినా నేటికీ ఆ వాక్యం వోల్టేర్ పేరుతోనే నడుస్తోంది. నాలుగు చిన్న గీతలు ఒక స్త్రీ రాసిన వాక్యాన్ని ఆమెకు కాకుండా చేశాయి.

విశ్వవిద్యాలయాలు ఈ చిహ్నాల విలువ గుర్తించక తప్పలేదు. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం సిద్ధాంత వ్యాసంలో ఇతర రచనలతో పోలిక 10 శాతం దాటితే చర్యలుంటాయి, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. మూలం చెప్పి కోట్ చేసిన భాగాన్ని మాత్రం ఆ లెక్కలో కలపరు. ఒకే వాక్యం చిరునామాతో వస్తే పాండిత్యం, లేకపోతే దొంగతనం. ఈ నియమం పీహెచ్‌డీ విద్యార్థికే పరిమితం కావడానికి కారణమేమీ లేదు.

పత్రికలకూ ఇందులో వాటా ఉంది. తెలుగు వార్తలో కోట్ చివర వచ్చే క్రియ చాలాసార్లు తీర్పు చెప్పేస్తుంది. ‘అన్నారు’, ‘చెప్పారు’ తటస్థమైనవి. ‘స్పష్టం చేశారు’ అంటే చెప్పినది నిజమని విలేకరి ఒప్పుకున్నట్టు. ‘ఒప్పుకున్నారు’ అంటే తప్పు చేసినట్టు. ‘బుకాయించారు’ అంటే అబద్ధమాడినట్టు. ఒకే మాటను ముగ్గురు నాయకులు అంటే ఇష్టమైనవారు ‘స్పష్టం చేశారు’, నచ్చనివారు ‘బుకాయించారు’, మధ్యలోవారు ‘అన్నారు’. కోట్స్ మధ్య ఉన్న మాట మారలేదు, బయట ఉన్న క్రియ మనిషిని మార్చేసింది. ‘అన్నారు’ అనే మంచి క్రియను రోజుకు వందసార్లు వాడినా అరిగిపోదు. తోచిన చోటల్లా ‘ఉద్ఘాటించారు’ అని రాసే అలవాటు మానితే పాఠకుడికి సగం మేలు జరుగుతుంది.

ఈ నిర్లక్ష్యానికి అసలు మూలం ఇంకా లోతులో ఉంది. తెలుగుకు నేటి వాడుకను ఆధారాలతో నమోదు చేసే నిఘంటువు లేకపోవడమే ఆ మూలం. ఇంగ్లిషువాళ్ల ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కోట్‌ల మీదే లేచిన కట్టడం. 1857లో ఆలోచన మొదలై, 1884లో మొదటి భాగం వెలువడి, 1928లో పూర్తయింది. ఉపాధ్యాయులు, గృహిణులు, మతగురువులు, ఖైదీలు సైతం పుస్తకాలు చదివి చీటీల మీద వాక్యాలు రాసి పంపారు. మొదటి కూర్పులో అచ్చయిన ఉద్ధరణలే 18 లక్షలకు పైబడ్డాయి. ప్రతి మాటకూ ఎవరు, ఏ పుస్తకంలో, ఏ ఏట వాడారో ఉంటుంది. ‘కోట్’ పుట్టుక గురించి ఈ శీర్షికలో చెప్పగలిగిందంతా ఆ పనివల్లే.

తెలుగులో ఆ బాట వేసినవారు లేకపోలేదు. పిఠాపురం రాజా అండతో ఆంధ్ర సాహిత్య పరిషత్తు తలపెట్టిన శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వచ్చింది. అర్థం పక్కన కవి ప్రయోగాన్ని, కావ్యం పేరుతో, ఆశ్వాసం సంఖ్యతో ఇవ్వడం దాని పద్ధతి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి రైతుల దగ్గరికి, నేతగాళ్ల దగ్గరికి మనుషుల్ని పంపి మాండలిక వృత్తి పదకోశాలు చేయించారు. వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వెలువడ్డాయి. ఏ మాట ఏ ప్రాంతంలో వినబడిందో వాటిలో ఉంటుంది. అయితే కావ్యాలను నమోదు చేసిన నిఘంటువు పత్రికల దాకా రాలేదు. పొలం మాటలు, మగ్గం మాటలు నమోదు చేసినవారి పని అన్ని వృత్తులకూ, నేటి నగరాలకూ విస్తరించలేదు. అందుకే ‘కోట్’ తెలుగు అచ్చులోకి ఎప్పుడు వచ్చిందో, ‘ఉటంకించు’ పత్రికా భాషలో ఎప్పుడు స్థిరపడిందో తేదీతో చూపించే పుస్తకం తెలుగువాడి చేతిలో లేదు. భాషా దినోత్సవానికి ప్రభుత్వం శాలువాలకు, ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో కొంత ఒక చీటీల పెట్టెకు ఇచ్చినా, పాత పత్రికల్ని చదివి వాక్యాలు పంపే పాఠకులు ఊరికి ఇద్దరైనా దొరుకుతారు. ఇంగ్లండులో ఆ పని చేసినవారు కూడా జీతగాళ్లు కారు.

నిఘంటువు వచ్చేదాకా ఆగనక్కర్లేని పని మాత్రం ఒకటుంది. కోట్ అంటే చిరునామా ఉన్న మాట. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడు వివరాలూ తెలిస్తే వాటితో కలిపి పంపాలి. తెలియనప్పుడు మాట నచ్చిందని చెప్పి, పేరు లేకుండా పంపినా తప్పులేదు, మంచి మాటకు పెద్ద పేరు అరువు తేనక్కర్లేదు. పేరు చేర్చాలనే అనిపిస్తే తెలుగు అందుకూ దారి ఇచ్చింది. మూలం చూసినవారు ‘గాంధీ అన్నారు’ అని రాయాలి. చూడనివారు ‘గాంధీ అన్నారట’ అని రాయాలి.